ఏడు చుట్ల మురుకు, ఆరు చుట్ల ఒప్పందం

పుదుచ్చేరి, కురుచికుప్పం
సోమవారం, మధ్యాహ్నం

అన్నకు నీ తమ్ముడు మునిరత్నం రెండు చేతులూ జోడించి రాసుకుంటున్నది.

నేనిక్కడ రాయిలా ఉన్నాను. ఉప్పుగాలికి కొంచెం నల్లబడ్డాను గానీ అరగలేదు. అక్కడ అమ్మ నడుము, నాన్న మోకాలు, వదిన తలనొప్పి, పాప దగ్గు, నీ కోపం, అన్నీ నెమ్మదించి ఉంటాయని నమ్ముతున్నాను. ఆఖరిది నెమ్మదించకపోయినా ఈ ఉత్తరం అయ్యేదాకా ఓపిక పట్టు.

కుశలం అయింది కాబట్టి అన్యాయం సంగతికి వస్తాను. ఇక్కడ చేతిమురుకుకు ఏడు చుట్లు ఉండేవి. అందులో రెండు చుట్లు కోసేశారు. కోసినవాడు మా యజమాని వరదరాజులు నాయుడు. కోయించినది బయటిదేశాల నూనె మీద సుంకం పెంచిన ఢిల్లీ. ఆ సుంకం పెరిగిందని మన వీధి వీధంతా మైసూర్‌పాకు పంచినవాడివి నువ్వు. ఈ ముగ్గురిలో ఉత్తరం రాసేంత చనువు నాకు నీ దగ్గరే ఉంది కాబట్టి నీకు రాస్తున్నాను.

ఫోన్లున్న కాలంలో ఉత్తరమేమిటని నువ్వు అడగలేవు. 'మన ఇల్లు' గ్రూపులోంచి నన్ను తీసేసింది నువ్వే. నేను చేసిన నేరం ఏమిటి? నూనె సుంకం మీద పద్నాలుగు మెసేజీలు పెట్టడం. వాటిలో పదమూడు చిన్నవే. పెద్దమ్మ కూతురి సీమంతం ఫోటోల మధ్యలో పెట్టానని నీ అభియోగం. సీమంతాలు అయ్యేదాకా దేశ వాణిజ్య విధానం గుమ్మంలో నిలబడుతుందా అన్నా? సరే, అమ్మ ఫోనుకు చేస్తే నువ్వే ఎత్తి 'రాంగ్ నంబర్' అంటావు. నీ గొంతు నాకు తెలియదా? పోయినసారి ఆ మాట అన్నాక వెనకనుంచి పాప 'చిన్నాయనేనా?' అని అడగడం కూడా వినబడింది.

అందుకే ఈ కాగితం. మదనపల్లె నుంచి ఇక్కడి మార్కెట్టుకు టమేటాలు తెచ్చే లారీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. రేపు మధ్యాహ్నానికి నీకు అందుతుంది. చింపొద్దు. శుక్రవారం మధ్యాహ్నానికి మా వంటశాలలో నలుగురు ఆడవాళ్ళకు పని ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. సంగతి ఇంతదాకా రావడానికి సగం కారణం నీ సుంకం, సగం కారణం నేను. నా సగం చెప్పడానికి నాకు కొంచెం ధైర్యం కావాలి కాబట్టి మొదటినుంచీ చెప్పుకొస్తాను.

నేను 'ఫుడ్ కంపెనీ'లో చేరానని ఊళ్ళో చెప్పుకుంటున్నారట. కంపెనీ కాదు. ఒక పెంకుటింటి వెనక రేకుల షెడ్డు, మూడు పొయ్యిలు, రెండు బాణళ్ళు, గోడ వారగా నూనె డబ్బాలు. పిండి మూటలు మోయడం, వేగినవాటిని అట్టపెట్టెల్లో సర్దడం, మోపెడ్ మీద అంగళ్ళకు వేయడం నా పని. చుట్టేది మాత్రం నలుగురు ఆడవాళ్ళు. తెల్లగుడ్డ పరిచి దాని మీద బియ్యప్పిండి ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలిపెడుతూ, చుట్టు పక్కన చుట్టు వేసుకుంటూ పోతారు. గొట్టం లేదు, అచ్చు లేదు. నేను ఒకరోజు ప్రయత్నించాను. మల్లికక్క చూసి, "ఏంది తంబీ, వానపాము పడిశం పట్టి పండుకున్నట్టుంది," అంది. విల్లియనూరు నుంచి రోజూ బస్సులో వస్తుంది ఈవిడ. నోరు బస్సు దిగకముందే వినబడుతుంది.

వీళ్ళకు పెద్ద తాయారమ్మ. నేను తాయారత్త అంటాను. కురుచికుప్పంలో ఆమె మిద్దె మీది గదిలోనే నా కాపురం. కిందకు దిగితే పడవలు, వలలు, చేపల వాసన. మొదటి వారం ముక్కు మూసుకున్నాను, రెండో వారం మరిచిపోయాను, ఇప్పుడు వాసన లేకపోతే ఏమైందా అని కిటికీ తీస్తున్నాను. అత్త పొద్దున్నే వాకిట్లో నిలబడి సముద్రం గాలి పీల్చి, "ఇయ్యాళ పిండికి నీళ్ళు తక్కువ పోయండి," అంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే మురుకు మెత్తబడుతుందట. ఏ పుస్తకంలో చదివావత్తా అని అడిగితే ముక్కు చూపించింది.

అమ్మ అడుగుతుంది కాబట్టి తిండి సంగతి. అన్నం ఉంది, సాంబారు ఉంది, అత్త పెట్టే చేపల పులుసు ఉంది. సంగటి లేదు. ఊరుబిండి లేదు. సాయంత్రం పడవల పక్కన కూర్చుంటే అప్పుడప్పుడు మన చేను గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంటాను. అది కూడా గాలిలో తేమ వల్లే అనుకుంటాను. అమ్మను దిగులు పడొద్దని చెప్పు. మూడు పూటలా తింటున్నాను, నిద్రపోతున్నాను, ఎవరితోనూ గొడవ పడటం లేదు. ఆ చివరి మాట నమ్మకపోతే నమ్మకపోయారు.

చదువు కూడా సాగుతోంది. ఇక్కడ ఆదివారం సంతలో పాత పుస్తకాలు కుప్పపోసి అమ్ముతారు. ఆసియా దేశాల వర్తకం మీద కరపత్రాలు, చిన్న పుస్తకాలు ఒక సంచీ నిండా తెచ్చుకున్నాను. కొన్నిటికి మొదటి పేజీలు లేవు, కొన్నిటికి చివరివి లేవు. అందువల్ల కొన్ని దేశాలు ఎలా బాగుపడ్డాయో తెలిసింది గానీ ఎందుకు మొదలుపెట్టాయో తెలియలేదు. చదివింది చదివినట్టు పనిచేసేచోట చెప్పేవాణ్ణి. కొరియా మొదట్లో జుట్టు విగ్గులు ఎగుమతి చేసి, ఆ మీదట ఓడలు కట్టే స్థాయికి ఎదిగిందని ఒకరోజు చెప్పాను.

"అయితే మనం మురుకులమ్మి ఓడ కడదామా తంబీ?" అంది మల్లికక్క.

"ఎందుకు కట్టకూడదు?"

"కడదాం. నువ్వు మొదట ఆ నూనె డబ్బా దించు."

ఇంతలో సుంకం పెరిగింది. ఇక్కడ వేయించేది తాటిజాతి నూనె, పామాయిలు. ఇండోనేషియా నుంచి, మలేషియా నుంచి ఓడల్లో వస్తుంది. డబ్బా ధర ఎగిరి కూర్చుంది. మరుసటి రోజు యజమాని షెడ్డు మధ్యలో నిలబడి ప్రకటించాడు. ఇక్కడ అందరూ ఆయన్ని మొదలాళి అంటారు, అరవంలో యజమాని అని.

"రేపట్నుంచి ఏడు చుట్లు లేదు. అయిదే. పెద్ద మురుకు పెద్ద నోరు తెరిచి నూనె తాగుతా ఉంది."

ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. వాళ్ళ కూలి చుట్ల లెక్కన. ఏడు అయిదైతే కూలీ అయిదే. అదొక్కటే అయితే ఫరవాలేదని తాయారత్త నాతో తర్వాత చెప్పింది. "చుట్టు తగ్గేకొద్దీ మిషను దగ్గరికొస్తా ఉంటది రత్నం. ఏడు చుట్టేదానికి చెయ్యి కావాల. మూడు చుట్టేదానికి కరెంటు చాలు." ఇంత ముక్క నా సంచీలో ఏ పుస్తకంలోనూ లేదు.

నాకు ఒళ్ళు మండింది. పిండి మూట మీదికెక్కి మొత్తం చెప్పేశాను. ఇండోనేషియావాళ్ళు వాళ్ళ నూనెను డీజిల్లో కలిపి బస్సులు నడుపుతున్నారు, కాబట్టి మనకొచ్చేది తగ్గుతుంది. పైగా ఢిల్లీ సుంకం పెంచింది. ఎందుకంటే బయటి నూనె చవగ్గా దిగితే ఇక్కడ వేరుశెనగ పండించే రైతు మునిగిపోతాడు. ఉదాహరణకు మా అన్న చెంగల్రాయుడు...

అక్కడ ఆగి ఉండాల్సింది.

"నిల్లు," అని అరవంలో ఆపింది తాయారత్త. "మీ అన్నకు మంచి ధర రావాలనా మా చుట్టు కోసినారు?"

"అలా కాదత్తా. విధానపరంగా..."

"ఆమా, కాదా?"

"కొంతవరకు ఆమా."

"మీ అన్న మంచోడేనా?"

"మంచోడే. కోపం ఎక్కువ."

"ఆ కోపం మేం చూసుకుంటాం. ఒకసారి పిలిపించు," అంది మల్లికక్క, బాణలిలో గరిటె తిప్పుతూ. అన్నా, పుదుచ్చేరిలో నిన్ను చూడని నలుగురు ఆడవాళ్ళు రోజూ నిన్ను తలుచుకుంటున్నారు. పేరు పెట్టి తిడుతున్నారు. పేరు నేనే చెప్పాను, క్షమించు.

ఊరికే తిట్టుకుంటే విముక్తి రాదు కాబట్టి కరపత్రం రాశాను. 'చుట్టు చుట్టుకూ న్యాయం' అని పేరు. నాలుగు పేజీలు. యజమానిని 'చెమట తాగి బలిసిన జలగ' అన్నాను, సుంకాన్ని 'సముద్రం దాటొచ్చిన కొరడా' అన్నాను. చేత్తో రాసి యాభై జిరాక్సులు తీయించి పంచిపెట్టాను. ఆడవాళ్ళు చాలా గౌరవంగా తీసుకున్నారు. ఒక గంట పోయాక చూస్తే వేగిన మురుకులు వాటి మీద ఆరుతున్నాయి. కాగితం నూనె బాగా పీలుస్తుందట.

"చదవకుండానేనా?" అని అరిచాను.

"ఎట్ట చదివేది? ఇది తెలుగు కదా," అంది మల్లికక్క.

"మీరు మాట్లాడేది తెలుగే కదా!"

"మాట్లాడతాం. చూసినామా ఎప్పుడన్నా?"

అప్పుడు తెలిసిందన్నా నాకు. వీళ్ళ తాతముత్తాతల కాలంనుంచి ఇంట్లో మాట తెలుగు, బళ్ళో చదువు అరవం. తెలుగు అక్షరం వీళ్ళకు ముగ్గుతో సమానం. షెడ్డులో తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నా కరపత్రానికి నేనే రచయితను, నేనే పాఠకుణ్ణి.

అంతటితో పోలేదు. ఒక కాగితం మొదలాళి చేతిలో పడింది. పిలిపించాడు. ఆయనకూ రాదు.

"ఇందులో నా పేరుందంటనే. చదువు."

పారిపోయేవాణ్ణి కాదని నీకు తెలుసు. నిటారుగా నిలబడి జలగ దగ్గర్నుంచి కొరడా దాకా ఒక్క అక్షరం మింగకుండా చదివాను. పని పోయినట్టేనని మనసులో మూట కూడా కట్టుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"మా తాత ఇట్లనే మాట్లాడేవాడురా," అన్నాడు అంతా అయ్యాక. కళ్ళు తడి అయ్యాయి. "ఆయన పోయినాక ఇంత చక్కటి తెలుగు ఇంట్లో వినలేదు. ఆ జలగ ముక్క ఇంకొకసారి చదువు."

అన్నా, వర్గశత్రువు ఏడిస్తే ఏం చేయాలో ఏ పుస్తకంలోనూ రాయలేదు. ఇంకొకసారి చదివాను. ఆయన టీ తెప్పించాడు. తర్వాత, "సరే, ఆ ఆడోళ్ళ తరఫున నువ్వే మాట్లాడు," అన్నాడు. ఆ విధంగా చర్చలకు పిలుపు వచ్చింది.

దేశాల మధ్య సుంకాల బేరం ఎలా జరుగుతుందో నేను చదివి ఉన్నాను. ఒకడు ఇరవై అంటాడు, ఒకడు పది అంటాడు, పదిహేను దగ్గర చేతులు కలిపి ఫోటో దిగుతారు. మొదలాళి అయిదు అన్నాడు. అత్త ఏడు అంది. నేను ఆరు అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు! ఆ సాయంత్రం నేను సముద్రపొడ్డున నడిచిన నడక నువ్వు చూడాల్సింది. ఆసియాలో రెండు దేశాలు ఏళ్ళ తరబడి తేల్చుకోలేనిది నేను ఒక్క టీతో తేల్చాను.

ఒప్పందం కాగితం మీద పెట్టాను. తెలుగులో. అందరికీ చదివి వినిపించాను. ఇప్పుడు నా సగం వస్తోంది, విను. సంతకాలకు ముందు తాయారత్త ఒక మాట అంది: "అంగడి మురుకుకైతే ఆరు సరే. పెండ్లి మురుకు లెక్క వేరే. అది ఏడే." నేను విన్నాను. తల కూడా ఊపాను. కానీ రాయలేదు. మినహాయింపులు చెదల్లాంటివి, ఒక్కదాన్ని రానిస్తే ఒప్పందం మొత్తం తినేస్తాయి అని నా పుస్తకంలో గీత గీసుకున్న వాక్యం ఉంది. అందరికీ ఒకే నియమం ఉండాలి కదా అనుకున్నాను. ఆమె సంతకం పెట్టింది, మొదలాళి పెట్టాడు, మల్లికక్క అరవంలో పెట్టింది. ఆ కాగితం అక్కడ చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

పోయిన వారం ఏంబలం నుంచి పెద్ద పెండ్లి ఆర్డరు వచ్చింది. అక్కడి రెడ్డియారు ఒకాయన, పాతకాలపు రైతు కుటుంబం, కూతురి పెండ్లి తట్టల్లోకి వెయ్యిన్నొక్క చేతిమురుకు కావాలన్నాడు. పెండ్లి వచ్చే ఆదివారం. వారం ముందే పంపాలన్నాడు, వాన ముసురు పడితే మురుకు ఆరదని ఆయన భయం. చుట్టే రోజుల్లో మొదలాళి చవక నూనె కోసం మద్రాసు పోయాడు. తాయారత్తకు మణికట్టు వాచి ఇంట్లో ఉంది. బాధ్యత నాది.

"ఏంది తంబీ, పెండ్లి మురుకు ఆరా?" అంది మల్లికక్క.

"ఒప్పందం ఆరే కదా. సంతకం పెట్టావు కదా."

"నేను పెట్టింది అంగడి మురుకుకు."

"కాగితంలో అలా లేదు."

"కాగితంలో ఏముందో నాకేం తెలుసు? కోడి గీరినట్టుంది. పెండ్లికి ఒంటి లెక్క ఉండాలప్పా. అయిదో, ఏడో, తొమ్మిదో. సరి లెక్క పనికిరాదు."

ఇది మూఢనమ్మకమని పావుగంట చెప్పాను. ఆమె పావుగంటా విని, "నువ్వే చూసుకో," అని ఆరు చుట్టింది. వెయ్యిన్నొక్క మురుకు, ఒక్కోటీ ఆరు చుట్లు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. నేనే టెంపోలో ఏంబలం తీసుకుపోయాను. అది నిన్న ఉదయం.

రెడ్డియారు వాళ్ళమ్మ వాకిట్లో పీట వేసుకుని కూర్చుంది. ఒక మురుకు తీసుకుని గోటితో ఒక్కో చుట్టూ తాకుతూ లెక్కపెట్టింది. ఇంకోటి తీసింది. మూడోది తీసింది. అప్పుడు తలెత్తింది.

"పెండ్లికి తెచ్చినావా నాయనా, కర్మంతరానికి తెచ్చినావా?"

"అవ్వా, అంకెల్లో శుభం, అశుభం అని ఉండవు. శాస్త్రీయంగా చూస్తే..."

"నీకు పెండ్లయిందా?"

"లేదవ్వా."

"కాదు కూడా."

వాకిట్లో ఉన్న చుట్టాలంతా నవ్వారు. రెడ్డియారు నవ్వలేదు. పెట్టెలన్నీ తిరిగి టెంపో ఎక్కించాడు. శుక్రవారం మధ్యాహ్నానికి ఏడు చుట్లవి వస్తే సరి, లేకపోతే మిషను మురుకు తెప్పించుకుంటానని, ఇక మీదట ఆ చుట్టుపక్కల ఊళ్ళ పెండ్లి ఆర్డర్లు ఏవీ మాకు రావని చెప్పి పంపాడు.

మొదలాళి అప్పుడే మద్రాసు నుంచి దిగాడు. వెయ్యిన్నొక్క మురుకునూ చూశాడు, నన్ను చూశాడు.

"నేను ఏడును అయిదు చేసినానురా. ఆరు చేసినానా? దొంగకైనా ఒక ధర్మం ఉంటది!" అన్నాడు. ఆరంటే అంగడికే అని ఆయనా అనుకున్నాడట. "ఈ ఆర్డరు పోయిందంటే పెండ్లి బేరం పోయింది. పెండ్లి బేరం పోయినాక చేతి చుట్టు ఎందుకు? మిషను దింపేస్తా. నలుగురూ ఇంటికే." చివరికి ఒక మెట్టు దిగాడు. గురువారం మాకు సెలవు. ఆ రోజూ, శుక్రవారం పొద్దునా షెడ్డు వాడుకోమన్నాడు. పిండి ఇస్తానన్నాడు. నూనె మాత్రం ఒక్క చుక్క ఇవ్వనన్నాడు. "సుంకం గురించి అంత తెలిసినోడివి, నూనె నువ్వే తెచ్చుకో."

తాయారత్త దగ్గరికి పోయేసరికి ఉప్పు వేసిన వేడినీళ్ళలో చెయ్యి పెట్టుకుని కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"చదవమంటే చదివినావు కదా రత్నం. నేను చెప్పింది అందులో లేదని మాత్రం చదవలేదే," అంది.

అన్నా, ఢిల్లీవాళ్ళ మీద, ఇండోనేషియా మీద, నీ మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాటకు ఎటుపోయిందో తెలియలేదు. గడప మీద కూర్చుని ఏడ్చాను. అమ్మకు చెప్పొద్దు. తినడం మానలేదని చెప్పు. అత్త నిన్న కూడా చేపల పులుసు పెట్టింది.

ఈ పొద్దున కురుచికుప్పం సందులన్నీ తిరిగాను. ఒకప్పుడు చుట్టి మానేసిన ముసలమ్మలు ముగ్గురు దొరికారు. వస్తామన్నారు. ఒకటే షరతు: పొయ్యి వెలుగుతున్నంతసేపు నేను కొరియా పేరు ఎత్తకూడదు. ఒప్పుకున్నాను. మల్లికక్క కొత్త ఒప్పందం రాసింది. అంగడికి ఆరు, పెండ్లికి ఏడు, ఆ తర్వాత ఇంకా ఏవో చాలా వరుసలు ఉన్నాయి. అంతా అరవం. నాకు ఒక్క అక్షరం రాదు. "ఏముందక్కా?" అన్నాను. "ఎందుకు, సంతకం పెట్టు," అంది. పెట్టాను. గిన్నెలు తోమడం నా వంతని ఎక్కడో ఉందని అనుమానం.

ఇప్పుడు నీ సగం. సుంకం తీసేయమని ఇక అడగను. బయటి నూనె చవగ్గా దిగిన ఏడు మన చెనిక్కాయల మూటలు మండీలో ఎలా పడి ఉన్నాయో, నాన్న వాటి మీద కూర్చుని బీడీ కాలుస్తూ ఎలా చూశాడో నేనూ చూశాను. నీకు ధర రావలసిందే. నేను గ్రూపులో ఆ పద్నాలుగు మెసేజీల్లో ఒక్కదాంట్లో కూడా ఆ మాట రాయలేదు, అది తప్పే. కానీ ఈసారి నీకు దక్కిన ధరలో కొంత ఇక్కడి నలుగురి చుట్లలోంచి వచ్చింది. అది కూడా నిజమే. ఒక విధానం వల్ల లాభపడినవాడు నష్టపోయినవాడికి ఎంతో కొంత పూడ్చాలని ఒక పుస్తకంలో ఉంది. ఎలా పూడ్చాలో చెప్పే పేజీలు చిరిగిపోయాయి. తాయారత్త ఆ పేజీ చదవకుండానే చెప్పింది: "మీ అన్నను నూనె తెమ్మను."

కాబట్టి గానుగ పట్టించిన మన చెనిక్కాయ నూనె నాలుగు డబ్బాలు కావాలి. పామాయిలు కంటే ఖరీదని నాకు తెలుసు. ఏంబలం అవ్వ ఒక్కటి కొరికితే ఈ జన్మకు నన్ను క్షమిస్తుందని కూడా తెలుసు. నూనెతో పాటు చేతులు కావాలి. అత్త మణికట్టు ఇంకా వాచే ఉంది, ముసలమ్మలు గంటకొకసారి నడుం వాల్చాలి. వదిన పూలు కట్టే చేతులకు మెలిక రావడం ఎంతసేపు? అమ్మకు చుట్టు రాకపోతే గుడ్డ మీంచి తీసి బాణలిలో వేస్తుంది. నాన్న కూర్చుని లెక్కపెడతాడు, ప్రతి ఒక్కటీ ఏడు ఉందో లేదో. పాపను తెండి, అత్త చూడాలంటోంది. నువ్వు ఊరికే వచ్చి నిలబడు. మల్లికక్క నీకోసం దాచుకున్న మాటలు కొన్ని ఉన్నాయి, అవి నీ ఎదుట అనేస్తే ఆమె చెయ్యి ఇంకా వేగంగా ఆడుతుంది.

పెద్దనాన్నకు, పెద్దమ్మకు నా దండాలు. సీమంతం అయిన అక్కకు, నేను పాడుచేసిన ఫోటోలకు క్షమాపణలు. నాన్న కాళ్ళు, అమ్మ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను, ఈ ఒక్క పని నెరవేరాలని దీవించమను. నువ్వు కూడా దీవించు, పళ్ళు నూరుతూనైనా సరే.

బుధవారం సాయంత్రం బస్సెక్కండి. గురువారం పొద్దున సరిగ్గా ఆరు గంటలకు, నూనె డబ్బాలతో సహా, ఇంటిల్లిపాదీ మా షెడ్డు వాకిట్లో ఉండాలి. బస్టాండులో నేను నిలబడి ఉంటాను. రాంగ్ నంబర్ అనకుండా దిగు అన్నా.

నీ తమ్ముడు,
మునిరత్నం